అగ్గువ కంప్యూటర్ మీద లినక్స్ ఆగదన్న మాటకు జవాబు

వారం రోజులుగా మా మిల్లుల గ్రూపుల్లో ఒకటే సందేశం తిరుగుతున్నది. విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, పిల్లల చదువుకే తప్ప పెద్ద పనికి ఆగదట, చౌక కంప్యూటర్ మీద వ్యాపారం పెడితే మునుగుతారట, తెలుగు రాదట, వ్యాపార లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ నడవదట. లినక్స్ కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టి దొంగకు తాళంచెవి ఇచ్చినట్టేనట. అంతకంటే 500 రూపాయలకు క్రాక్ చేసిన, అంటే లైసెన్సు లేని దొంగ విండోస్ వేయించుకొని, అప్‌డేట్లు ఆపేసుకుంటే నిశ్చింతట. నల్లగొండ నుంచి ఇద్దరు మిత్రులు, దేవరకొండ నుంచి మా బావమరిది ఇదే పంపారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కంప్యూటర్లు చూసుకునే వాడిగా నేను ఊరుకోలేకపోతున్నాను.

పెద్ద పనికి ఆగదన్న మాటకు ఒక్క వాక్యం చాలు: ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నాటికి ఐదు వందలూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఇక తెలుగు సంగతి, ఈ జవాబును లినక్స్ మీదే టైపు చేస్తున్నాను.

చౌక యంత్రం సంగతి కొంత వివరంగా చెప్పాలి. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే 486 ప్రాసెసర్లు 16 తీసుకొని, మామూలు ఈథర్‌నెట్ నెట్‌వర్క్‌తో కలిపి, లినక్స్ వేసి బేవుల్ఫ్ అనే యంత్రాన్ని నిలబెట్టారు. పెద్ద లెక్కలకు పెద్ద ధర పెట్టనక్కర్లేదని అప్పుడే తేలింది. మా మిల్లులో వడ్ల కొనుగోలు లెక్కంతా ఒక సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నది. యాసంగి వడ్లు దిగే రోజుల్లో రాత్రి పదకొండు దాటినా కాంటా ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, అయినా చీటీ కోసం రైతు నిలబడవలసిన పని రాలేదు. అయితే సందేశంలో సగం నిజమున్నదని ఒప్పుకుంటాను. అగ్గువ యంత్రంలో తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీ ఉండదు, పవర్ సప్లై బలహీనం, తవుడు దుమ్ముకు ఫ్యాన్లు పట్టేస్తాయి. వీటిని లినక్స్ బాగు చేయలేదు. అందుకే మిగిలిన డబ్బుతో రెండో యంత్రం, యూపీఎస్ కొన్నాం.

నాకు కోపం తెప్పించింది ఆ 500 రూపాయల సలహా. క్రాక్ వేసేవాడు ముందుగా యాంటీవైరస్ ఆపమంటాడు, తర్వాత యంత్రం మీద పూర్తి అధికారం అడుగుతాడు. ఇంటి తాళం ఇంకెలా ఇస్తారు? 2017 మేలో ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ విరుచుకుపడింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్నవారికి ఆ దారి మూసుకుపోయింది, ఆపేసుకున్నవారికి తెరిచే ఉన్నది. మా పక్క మిల్లులో ఇలాంటి క్రాక్ యంత్రం మీదే ఒక ఉదయం ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, డబ్బు కట్టమనే నోటు తెర మీద నిలిచింది. బ్యాకప్ ఏదని అడిగితే అదే కంప్యూటర్‌లోని డీ డ్రైవ్ చూపించారు. నూనె మరకలు పడ్డ కార్బన్ చీటీలు ముందేసుకొని, వెలిసిపోయిన అంకెలను వెలుతురుకు పట్టి చూస్తూ ఇద్దరు గుమాస్తాలు తొమ్మిది రోజులు మళ్లీ ఎక్కించారు. వడ్ల డబ్బుల కోసం రైతులు బయట కూర్చున్నారు. ఈ సలహా రాసిన పెద్దమనిషి ఆ తొమ్మిది రోజులకు జవాబు చెబుతాడా?

కోడ్ కనబడితే దొంగకు లాభమనే వారు 2024 మార్చి సంగతి వినాలి. లినక్స్‌లో ఫైళ్లను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే కోడ్ లైబ్రరీలోకి ఒకరు నమ్మకం సంపాదించి దొంగదారి చొప్పించారు, అది నిజం. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూసి బయటపెట్టాడు. మూసిన పెట్టెలో అయితే బయటివాడు ఎక్కడని తవ్వుతాడు?

టాలీ విషయంలో మాత్రం వారిదే ఒప్పు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే వైన్ పెట్టి నడిపి చూశాను, ప్రింట్ల దగ్గర విసిగించింది. మా అకౌంటెంట్ బల్ల మీద డబ్బు పెట్టి కొన్న విండోస్ ఉన్నది, అప్‌డేట్లు ఆన్‌లోనే ఉన్నాయి. ఆ టాలీ డేటా కూడా రోజూ రాత్రి లినక్స్ యంత్రంలోకి కాపీ అవుతుంది, ఆదివారం ఉదయం దాన్ని తెరిచి చూశాకే ఇంటికి వెళ్తాను.