సంతకం అడిగేవాళ్లంటే శాసనసభలకు అంత భయమెందుకు?

2016 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నిక ముగిసిన రెండు రోజులకు, మిషిగన్ రాష్ట్రానికి చెందిన కేటీ ఫేహీ అనే యువతి ఫేస్‌బుక్‌లో చిన్న పోస్టు పెట్టింది. అధికార పార్టీలు నియోజకవర్గాల హద్దులు తమకు అనుకూలంగా గీసుకునే పద్ధతి మీద ఏదో ఒకటి చేద్దామనుకుంటున్నాను, ఎవరైనా కలిసొస్తారా అన్నది దాని సారాంశం. ఆమె అప్పటికి రీసైక్లింగ్ రంగంలో ఒక ఉద్యోగి. రాజకీయాల్లో పేరూ లేదు, వెనక డబ్బూ లేదు. సరిగ్గా రెండేళ్లకు, 2018 నవంబరులో, 61 శాతం ఓటర్లు ఆ హద్దులు గీసే అధికారాన్ని శాసనసభ నుంచి లాగేసి 13 మంది మామూలు పౌరుల కమిషన్ చేతికిచ్చారు. అందులో రెండు పెద్ద పార్టీలకు చెరి నలుగురు, ఏ పార్టీకీ చెందనివాళ్లు అయిదుగురు.

డీలిమిటేషన్ అనగానే మనకు ఉత్తరాది, దక్షిణాది సీట్ల లెక్క తప్ప మరొకటి తోచదు కాబట్టి ఈ కథ మన దగ్గర పెద్దగా ఎక్కలేదు. కానీ ఇందులో నన్ను పట్టుకున్నది ఫలితం కాదు, పని జరిగిన తీరు.

ఫేహీ, ఆమెతో కలిసినవాళ్లు ముందు చట్టం రాయలేదు. 33 రోజుల్లో 33 ఊళ్లలో సభలు పెట్టి, హద్దులు ఎవరు గీయాలి, ఎలా గీయాలి అని జనాన్ని అడిగారు. ఆ తర్వాతే రాతకోతలు. అప్పుడు మొదలైంది అసలు పరీక్ష: ప్రతిపాదన ఓటింగుకు రావాలంటే 180 రోజుల గడువులో 3,15,654 మంది ఓటర్ల సంతకాలు. సంతకమంటే ఫోన్‌లో ఒక బటన్ నొక్కడం కాదు. ప్రతిపాదిత రాజ్యాంగ సవరణ పూర్తి పాఠం ఆ కాగితాల మీదే అచ్చయి ఉండాలి. సంతకం పెట్టేవాడు నమోదైన ఓటరై ఉండాలి, చిరునామా, తేదీ తన చేత్తో రాయాలి. తేదీ తప్పితే ఆ సంతకం పోయినట్టే. చివర్లో సేకరించినవాళ్లు కూడా కింద సంతకం చేసి బాధ్యత తీసుకోవాలి. ప్యాడ్ పట్టుకుని ఎదుట నిలబడ్డ మనిషిని అవతలివాడు ‘ఇందులో నాకేంటి?’ అని అడగకుండా ఉంటాడా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వేలమంది వాలంటీర్లు పైసా తీసుకోకుండా వీధుల్లోకి వచ్చారు. నాలుగు నెలల్లో 4,25,000కు పైగా సంతకాలు అప్పజెప్పారు.

ప్రచార ఘట్టానికి బయటి నుంచి భారీగా డబ్బు వచ్చిన మాట నిజమే. కానీ సంతకాలు చేతికొచ్చాక వచ్చిన డబ్బది. వాణిజ్య సంఘం అండతో ప్రత్యర్థులు కోర్టుకెక్కితే, రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో ప్రతిపాదనను బ్యాలెట్ మీద ఉంచింది. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే అన్ని లక్షల సంతకాలూ చెత్తబుట్టలోకే.

శాసనసభలు భయపడేది ఇలాంటి జనానికే. మిస్సోరీలో 2024లో 57 శాతానికి పైగా ఓటర్లు కనీస వేతనం పెంపునూ, జీతంతో కూడిన సిక్ లీవునూ ఆమోదించారు. సిక్ లీవ్ 2025 మే 1న అమల్లోకి వచ్చింది, ఆగస్టు 28కల్లా శాసనసభ దాన్ని ఎత్తేసింది. నాలుగు నెలల ముచ్చట! అదేమంటే, అది రాజ్యాంగ సవరణ కాదు, మామూలు చట్టం, మార్చుకునే హక్కు మాకుందన్నారు. కాలిఫోర్నియాలో అయితే ఓటర్లు చేసిన చట్టాన్ని, ఆ చట్టమే అనుమతిస్తే తప్ప, తిరిగి ఓటర్లను అడక్కుండా ముట్టుకోలేరు. ఫ్లోరిడా 2025లో ఇంకో అడుగు వేసింది: రిజిస్టర్ చేసుకోకుండా, తనదీ కుటుంబ సభ్యులవీ కాక 25కు మించి సంతకాల పత్రాలు సేకరిస్తే క్రిమినల్ నేరం. పక్కింటివాళ్ల సంతకాలు పోగుచేసే రిటైర్డ్ టీచర్ కూడా లెక్క దాటితే నేరస్తురాలే. ఒహాయో పాలకులు ఆగస్టు ఎన్నికలు దండగని తామే దాదాపు రద్దు చేసి, కొన్ని నెలలకే, 2023 ఆగస్టులోనే ప్రత్యేక ఎన్నిక పెట్టారు. ఎందుకు? ఇకమీదట ఏ రాజ్యాంగ సవరణ నెగ్గాలన్నా 60 శాతం ఓట్లు రావాలని నిబంధన తేవడానికి. 57 శాతం మంది కుదరదు పొమ్మన్నారు.

ఎదుటివాదం లేకపోలేదు. డబ్బున్నవాడు సంతకాలు కొంటాడంటారు. కొంటాడు. 2020లో కాలిఫోర్నియాలో ఉబర్, లిఫ్ట్ లాంటి కంపెనీలు డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించే పని లేకుండా 20 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించి తమకు కావలసిన చట్టం గెలిపించుకున్నాయి. మెజారిటీ తల్చుకుంటే మైనారిటీ హక్కులు కోసేస్తుందన్న భయమూ ఉత్తది కాదు. కానీ అదే డబ్బు, అదే మెజారిటీ శాసనసభల్లో లేవా? అక్కడ లాబీయిస్టు పని తలుపులు మూసుకుని సాగుతుంది. ఇక్కడ కనీసం మన గుమ్మం దాకా వచ్చి అడగాలి.

సంతకాలతో చట్టాన్ని ఓటింగుకు తెచ్చే ఈ హక్కు అమెరికాలో అందరికీ లేదు. నోవైలోనో, ట్రాయ్‌లోనో ఓటున్న తెలుగువాళ్లు మిషిగన్ ప్రతిపాదన మీద ఓటేయగలిగారు. డల్లాస్‌లో, ఎడిసన్‌లో ఉన్నవాళ్లకు రాష్ట్రస్థాయిలో ఆ వీలే లేదు. టెక్సస్, న్యూజెర్సీ ఇవ్వలేదు.

మన సంగతి మరీ అన్యాయం. మన రాష్ట్రాల్లో పౌరుడు సోమవారం కలెక్టరేట్‌లో పింఛను కోసం, పాసుపుస్తకం కోసం కాగితం ఇచ్చుకోవచ్చు. ఫలానా చట్టం కావాలని మాత్రం ప్రతిపాదించలేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందు నిలబడగా సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, వేలంపాటలనే ఆపింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ హయాంలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆదాయం పడిపోయిందంటూ ఆ మద్య నిషేధం ఎత్తేశారు. తెచ్చిన ఆడవాళ్లను ఎవరడిగారు? మిస్సోరీ వాళ్లకు 2025లో తగిలిన దెబ్బ మనవాళ్లు అప్పుడే తిన్నారు. వాళ్లకు మళ్లీ సంతకాలు సేకరించుకునే దారైనా ఉంది.

ఇంత పెద్ద హక్కు ఒక్కసారే ఇవ్వమని నేననను. పక్కనున్న మహారాష్ట్రలో ఒక చిన్న ఏర్పాటుంది. వార్డులోనో ఊళ్లోనో మహిళా ఓటర్లలో 25 శాతం మంది సంతకాలు పెట్టి అడిగితే అధికారులు ఓటింగ్ పెట్టాలి. బ్యాలెట్ మీద రెండు బొమ్మలు: నిలబడ్డ సీసా, పడిపోయిన సీసా. సగానికి మించి మహిళలు పడిపోయిన సీసాకు ఓటేస్తే మద్యం దుకాణం మూతే. చంద్రపూర్, గడ్చిరోలి వైపు వెళ్తే తెలంగాణ సరిహద్దు ఎంత దూరం?

తెలంగాణ 2025 అక్టోబరులో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీసింది. ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని 3 లక్షల రూపాయల ఫీజు. ఏజెన్సీ గ్రామసభల సంగతి పక్కన పెడితే, దుకాణం ఆ వీధిలో ఉండాలా వద్దా అని ఆ వీధివాళ్ల చేత ఓటేయించే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. తర్వాతి లాటరీకి ముందే ఎక్సైజ్ నిబంధనల్లో మహారాష్ట్ర పద్ధతి చేరిస్తే చాలు, మొదలవుతుంది. 25 శాతం సంతకాల సంగతి మన ఆడవాళ్లు చూసుకుంటారు.