ఆ ఒక్క శాతం మనకెందుకు తగల్లేదు?

2025 మే నెలలో అమెరికాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు ఎలా అట్టుడికిపోయాయో గుర్తుందా? అమెరికా నుంచి బయటికి పంపే డబ్బుపై 5 శాతం పన్ను అన్నారు. ఫ్లాట్ ఈఎంఐ సంగతేంటి, అమ్మానాన్నలకు పంపేదాంట్లో ఎంత కోత, చట్టం రాకముందే ఉన్నదంతా ఒకేసారి పంపేద్దామా అని ఒకటే లెక్కలు. ప్రతినిధుల సభ దాటేసరికి ఆ 5 కాస్తా 3.5 అయింది, సెనేట్‌లో 1కి దిగింది. జూలై 4న ట్రంప్ సంతకం చేశారు, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ మన ఊపిరి తిరిగొచ్చింది అంకె తగ్గినందుకు కాదు, మినహాయింపు చూశాక. బ్యాంకు ఖాతా నుంచి పంపినా, అమెరికా డెబిట్, క్రెడిట్ కార్డుతో పంపినా పన్ను లేదు. నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చేవాళ్లకే ఉంది. అంతే, గ్రూపులు మళ్లీ గ్రీన్‌కార్డు వరస చెప్పే వీసా బులెటిన్‌లో పడిపోయాయి.

మరి అది పడిందెవరి మీద? వారం కూలి జేబులో పెట్టుకుని, అద్దం మీద 'ఎన్వియోస్ దె దినెరో' (డబ్బు పంపబడును) అని రాసున్న కొట్టు ముందు వరసలో నిలబడే మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్ మనుషుల మీద. 2024లో ఒక్క మెక్సికోకే, ఎక్కువగా అమెరికా నుంచే, 64 బిలియన్ డాలర్లకు పైగా చేరింది. హోండురస్, ఎల్ సాల్వడార్‌ల జీడీపీలో దాదాపు నాలుగో వంతు ఇలా వచ్చే డబ్బే.

'దొంగతనంగా వచ్చినవాళ్లు, వందకో డాలరు ఇస్తే ఏం పోయింది' అనేవాళ్లు మనలోనూ తక్కువ లేరు. మెక్సికోకు ఒకసారి వెళ్లే సొమ్ము సగటున 400 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి పోయేది నాలుగు డాలర్లే, నిజమే. కానీ తుది చట్టం పౌరసత్వం ఊసే ఎత్తలేదు. కాగితాల్లేకపోయినా ఖాతా ఉన్నవాడు కట్టక్కర్లేదు, అమెరికా పౌరుడైనా నోట్లు తెస్తే కట్టాలి. కౌంటర్‌లో గుమాస్తా వీసా చూడడు, చేతిలో ఏముందో చూస్తాడు. దీన్ని వలసల మీద పన్ను అనడం మర్యాద కోసమే. ఇది నగదు మీద పన్ను, అంటే బ్యాంకు గడప తొక్కలేనివాడి మీద పన్ను. ఆ మాటకొస్తే కాగితాల్లేనివాళ్లు 2022లో కట్టిన పన్నులే 96.7 బిలియన్ డాలర్లని పన్నుల మీద పరిశోధన చేసే ఐటీఈపీ సంస్థ లెక్కగట్టింది. అందులో పాతిక బిలియన్లకు పైగా సోషల్ సెక్యూరిటీ అనే పింఛను నిధికి వెళ్లాయి. ఆ పింఛను వాళ్లలో చాలామందికి ఎప్పటికీ రాదు.

'బ్యాంకులో వేసుకోవచ్చుగా?' ఇదీ మనవాళ్లు తేలిగ్గా అనేసే మాటే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2023లో బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ సర్వే చేస్తే తెల్లవారి ఇళ్లలో బ్యాంకు ఖాతా లేనివి 2 శాతం కూడా లేవు, లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) ఇళ్లలో 9.5 శాతం. ఇది అలవాటు సమస్య కాదు. కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌ను తిరిగి కట్టిన లాటినో కూలీలకు అక్కడి దొంగలు పెట్టిన పేరు 'నడిచే ఏటీఎంలు'. జేబులో నోట్లుంటాయి, దోచుకున్నా పోలీసుల దగ్గరికి వెళ్లరు. ఇలాంటివాళ్లను బ్యాంకుల్లోకి తేవాలని 2001లోనే వెల్స్ ఫార్గో మెక్సికో కాన్సులేట్ ఇచ్చే గుర్తింపు కార్డుకు ఖాతాలు తెరిచింది. పన్ను కట్టించుకోవడానికి 1996లోనే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వాళ్లకో నంబరిచ్చింది, మీ వివరాలు మా దగ్గరే ఉంటాయని భరోసా కూడా ఇచ్చింది.

2025 ఏప్రిల్‌లో అదే ఐఆర్ఎస్ వాళ్ల చిరునామాలు ఇస్తానని, కాగితాల్లేనివాళ్లను పట్టుకుని పంపేసే 'ఐస్' విభాగంతో ఒప్పందం రాసుకుంది. ఐఆర్ఎస్ తాత్కాలిక అధిపతి కుర్చీ వదిలి వెళ్లిపోయారు. కోర్టు ఆ తర్వాత అడ్డుపడింది, కానీ నమ్మకం కోర్టు ఉత్తర్వుతో తిరిగొచ్చేదా? అదే నెల నుంచి కాలిఫోర్నియా, టెక్సాస్ సరిహద్దులోని 30 పిన్‌కోడ్లలో 200 డాలర్లు దాటిన నగదు లావాదేవీలను మనీ ట్రాన్స్‌ఫర్ కొట్లు ప్రభుత్వానికి చెప్పాలన్నారు. దేశమంతటా ఆ గీత 10,000 డాలర్ల దగ్గర ఉంటే వీళ్లకు 200! తర్వాత పెంచారనుకోండి. పేరు రాయించుకుంటే ఇంటికొస్తారు, నోట్లు పట్టుకుంటే పన్ను, పైగా నిఘా. ఇంకెటు పోవాలి?

పోయే చోటు ఒకటుంది, అది మనకు బాగా తెలిసిందే. మెక్సికన్లు దాన్ని 'తాండా' అంటారు, గ్వాటెమాలావాళ్లు 'కుచుబాల్' అంటారు. పదిమంది చేరి నెలనెలా తలా కొంత వేస్తారు, మొత్తం వంతులవారీగా ఒక్కొక్కరికి అందుతుంది. పాట ఉండదు, వంతే. మిగతాదంతా మన అమ్మలు వేసే చిట్టీయే. రాతకోతలు లేకుండా, మాట మీద నడుస్తుంది. కడప నుంచి కువైట్ వెళ్లినవాళ్లకూ, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లకూ ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది అమెరికా తెలుగువాళ్లకే. మనం 'లీగల్', వాళ్లు వేరు అనే గీత మనసులో గట్టిగా గీసుకున్నాం. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ అంచనా ప్రకారం 2022లో కాగితాల్లేనివారి జాబితాలో మెక్సికో, ఎల్ సాల్వడార్‌ల తర్వాతి పేరు ఇండియాదే, దాదాపు 7,25,000 మంది. 2025 ఫిబ్రవరి 5న సంకెళ్లతో 104 మంది అమృత్‌సర్‌లో దిగినప్పుడు కూడా మనవాళ్లు వెతికింది ఒక్కటే: అందులో తెలుగువాళ్లున్నారా? తానా సభల్లో పన్ను మినహాయింపుల మీద వినిపించే గొంతు, ఈ నగదు పన్ను మీద నాకైతే ఎక్కడా వినిపించలేదు.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో మనం లొట్టలేసుకుంటూ తినే దోసె వెనక చాలాచోట్ల ఓ మెక్సికన్ చెయ్యి ఉంటుంది. గరిటె తిప్పుడు మన వంటమాస్టరు దగ్గరే నేర్చుకుని ఉంటాడు. శనివారం రాత్రి హోటల్ మూసేశాక అతని జీతం కవర్లో పెట్టి ఇచ్చేది మన హోటల్ యజమానే. చెక్కుగా కాదు, నోట్లుగా.