మూసీ పాడింది, మేం చాయ్ తాగాం

మొన్న ఆదివారం సాయంత్రం మూసీ పాట విన్నాను. నమ్మండి. ఒడ్డున షామియానా, తెల్లబట్ట తొడిగిన కుర్చీలు, ప్రతి కుర్చీ మీద ఒక మాస్కు. మాస్కు కూడా కళాఖండమే, దాని మీద చేప బొమ్మ ఉంది. ఆ చుట్టుపక్కల చేప కనిపించిన చోటు అదొక్కటే.

కళాకారులు, శాస్త్రవేత్తలు చేయీ చేయీ కలిపి నదిని బతికించడం ఆ రోజు కార్యక్రమం. ఓ కుర్ర కళాకారుడు నీళ్ళలోకి మైకు దించాడు. స్పీకర్లలో బుడుగ్... బుడుగ్... "నది తన జ్ఞాపకాలు చెబుతోంది" అన్నాడు కళ్ళు మూసుకుని. మేమూ మూసుకున్నాం, ఎలాగూ మండుతున్నాయి. మళ్ళీ బుడుగ్. ముందు వరసలో ఒకావిడ 1908 వరద గుర్తొచ్చిందంటూ కన్నీళ్ళు పెట్టుకుంది (ఆవిడకి నలభై ఉంటాయేమో). ఇంకో బుడుగ్‌కి ఎవరో "విషాదం" అన్నారు. ఆ తర్వాతి దానికి "ప్రతిఘటన" అన్నారు. నా పక్కనున్న శాస్త్రవేత్త, పాపం, మొహమాటపడుతూ నా చెవిలో చెప్పాడు: "అది మీథేన్ అండీ. ఆక్సిజన్ లేక అడుగు బురద కుళ్ళితే బుడగలు అట్లాగే వస్తాయి."

ఆయనకి మూడు నిమిషాలిచ్చారు. లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే గానీ చేపలకి పనికిరాదంటూ గ్రాఫ్ చూపించాడు. గ్రాఫ్ చాలా బాగుందన్నారు. పోచంపల్లి ఇక్కత్‌లో నేయిస్తారట.

ఇదంతా జర్మనీలో చూసి నేర్చుకున్న విద్య. అక్కడ ఎంషర్ అని ఒక నది, రూర్ ప్రాంతపు బొగ్గు గనుల, ఉక్కు ఫ్యాక్టరీల మురుగంతా నూరేళ్ళు మోసింది. 1992లో పని మొదలెట్టి, మురుగు కోసం భూమి కింద 51 కిలోమీటర్ల సొరంగం వేసి, 2021 చివరికి నదిలోకి మురుగు రాకుండా చేశారు. ఖర్చు 500 కోట్ల యూరోల పైమాటే. మధ్యలో 2010 నుంచి ఒడ్డున కళా ప్రదర్శనలూ పెట్టారు. మనవాళ్ళకి ప్రదర్శన నచ్చింది. సొరంగం భూమిలోపల ఉంటుంది కదా, కనబడలేదు.

మనకి పైపులు వేయడం రాదనుకునేరు! స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ప్రచురించారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేసిన నీళ్ళండీ అవి! తర్వాత ఆ నీళ్ళకి పైపు వేసి అంబర్‌పేటకి, అంటే మూసీ ఒడ్డుకే, తెచ్చారు. దీన్ని ఏ రాగంలో పాడతారు? ఈ నదే కిందికెళ్ళి వరి పొలాలు తడుపుతుంది, గేదెలకి గడ్డి పెంచుతుంది. ఆ పాలే మన చాయ్‌లో. సిగ్గుండాలి, ముందు వదిలేవాడికి, తర్వాత సంతకం పెట్టేవాడికి, ఆ తర్వాత కప్పు పట్టుకుని తలూపిన నాకు.

ఇంతలో ఒక అవ్వ గడ్డి కోసుకుని నీళ్ళలోంచి పైకొచ్చింది. నెత్తిన మోపు, మోకాళ్ళ దాకా నల్ల బురద, పిక్కల మీద గోకి గోకి పడ్డ మచ్చలు. కెమెరాలు పరుగెత్తాయి. ఫొటోకి "నది బిడ్డ" అని పేరు కూడా పెట్టేశారు. మైకు కుర్రాడు వినయంగా వంగి, "నది మీతో ఏమంటుంది అవ్వా?" అని అడిగాడు.

"కుర్చీలు జర పక్కకు జరుపుండ్రి బిడ్డా, మోపు బరువున్నది" అంది అవ్వ.