స్ట్రెస్‌లన్నీ కూడేస్తే లెక్క అయిపోదు: ‘రెండు నిమిషాల కంబైన్డ్ లోడింగ్’ మెసేజ్‌కి జవాబు

మా అన్నయ్య కొడుకు ఇక్కడ చెన్నైలోనే మెకానికల్ రెండో ఏడు చదువుతున్నాడు. నెల్లూరు నుంచి వచ్చిన నలుగురు పిల్లలు కలిసి ఒక గది తీసుకుని ఉంటున్నారు. పోయిన ఆదివారం భోజనానికి వచ్చి, చెయ్యి కూడా కడుక్కోకుండా ఫోన్ నా ముందు పెట్టాడు. “అత్తా, ఇది చూశావా? ఇంత సుళువైనదానికి మా సారు మూడు వారాలు ఎందుకు తీసుకున్నారో!”

చూశాను. తెలుగు ఇంజినీరింగ్ పిల్లల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజే అది. నాకు అంతకుముందే రెండుసార్లు వచ్చింది. దాని సారం ఇది: “మూడు దిక్కుల్లో లోడ్లున్న ఎస్‌ఓఎం లెక్క ఏదైనా రెండు నిమిషాల పని. ఒకటి, ఒక్కో లోడ్‌కి గరిష్ఠ స్ట్రెస్ కనుక్కుని అన్నీ కూడెయ్. రెండు, బెండింగ్ ఎక్కువుండే ఆ చివర, ఈ చివర చూస్తే చాలు. మూడు, అడ్డ షియర్‌ని ఎప్పుడైనా వదిలెయ్యొచ్చు. నాలుగు, ఒక మోర్ వృత్తం గియ్యి, దాని వ్యాసార్ధమే గరిష్ఠ షియర్. ఐదు, ఇదంతా పరీక్ష వరకే, ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.” (కొత్తవాళ్ల కోసం: ఎస్‌ఓఎం అంటే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, లోడ్లు పడితే వస్తువు లోపల ఏం జరుగుతుందో లెక్కగట్టే సబ్జెక్టు. స్ట్రెస్ అంటే వైశాల్యం మీద పంచిన లోపలి బలం. బెండింగ్ అంటే వంచడం, షియర్ అంటే ముఖం వెంబడి జారుడు. మోర్ వృత్తం అంటే ఒక బిందువులో ఏ ముఖం మీద ఎంత స్ట్రెస్ ఉందో చూపే బొమ్మ.)

అంబత్తూరులో ఇలాంటి లెక్కలు చేసే నేను నెలనెలా జీతం తీసుకుంటున్నాను. కాబట్టి ఈ ఐదూ చదివి ఊరుకోలేకపోయాను. ఉత్త మాటలతో వాదించేకన్నా ఒక స్తంభాన్ని తీసుకుని చూద్దాం.

రోడ్డు పక్కన ఒంటికాలి మీద నిలబడి, ఒక పక్కకే చెయ్యి చాపిన సైన్‌బోర్డు అనుకోండి. స్తంభం గుండ్రటి ఉక్కు పైపు. బయటి వ్యాసం 160 మిల్లీమీటర్లు, లోపలిది 150. బోర్డు దక్షిణం వైపు చాచి ఉంది. వెడల్పు 1.6 మీటర్లు, ఎత్తు ఒక మీటరు. బోర్డు నడిమి బిందువు నేలకి 4 మీటర్ల ఎత్తులో, స్తంభానికి 1.5 మీటర్ల దూరంలో ఉంది. బోర్డు, చట్రం కలిపి బరువు 2000 న్యూటన్లు. గాలి సముద్రం మీంచి, అంటే తూర్పు నుంచి పడమరకి వీస్తోంది. గాలి లోడ్లకి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం చెన్నైకి ఇచ్చే మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి గాలి ఏం చెయ్యగలదో నేను వేరే చెప్పక్కర్లేదు. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్ల పీడనం వస్తుంది. (బెంగళూరుకి మూల వేగం 33 మీటర్లే కాబట్టి పీడనం 650 చిల్లర. అక్కడ నిలబడిన స్తంభం డ్రాయింగే తెచ్చి ఇక్కడ పాతుతామంటే కుదరదు.) ఎత్తు, ఆకారాల గుణకాలనూ, స్తంభం మీద పడే గాలినీ, దాని సొంత బరువునూ పక్కన పెడదాం. బోర్డు మీద గాలి బలం 2400 న్యూటన్లు.

ఇప్పుడు స్తంభాన్ని అడుగున కోసి చూస్తే అక్కడికి చేరేవి ఇవి: 2000 న్యూటన్ల నిలువు నొక్కుడు, 2400 న్యూటన్ల అడ్డ షియర్, గాలి వల్ల 9600 న్యూటన్ మీటర్ల బెండింగ్, బరువు ఒక పక్కకి ఉన్నందువల్ల 3000 బెండింగ్, గాలి బోర్డుని పక్క నుంచి తోస్తున్నందువల్ల 3600 టార్షన్, అంటే మెలితిప్పుడు. ఒక్కోదానికి గరిష్ఠ స్ట్రెస్ మెగాపాస్కల్స్‌లో (అంటే చదరపు మిల్లీమీటరుకి ఎన్ని న్యూటన్లో) చూస్తే నొక్కుడుకి 0.8, గాలి బెండింగ్‌కి 104.9, బరువు బెండింగ్‌కి 32.8, టార్షన్‌కి 19.7, అడ్డ షియర్‌కి దాదాపు 2. మెసేజ్ చెప్పినట్టు అన్నీ కూడితే 160.

ఆ 160 స్తంభంలో ఏ బిందువు దగ్గరా లేదు. మొదటి తప్పు ఇక్కడే ఉంది.

గాలి బెండింగ్ నొక్కుడు పడమటి అంచున గరిష్ఠంగా ఉంటుంది. బరువు బెండింగ్ నొక్కుడు దక్షిణపు అంచున గరిష్ఠంగా ఉంటుంది. ఆ రెండు అంచులకీ మధ్య పావు చుట్టు దూరం. అన్నానగర్‌లో పడిన వానని తాంబరంలో పడిన వానతో కలిపి ఒకే వీధిలో అంత నీళ్లు నిలిచాయంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. గుండ్రటి కోతకి ఏ వ్యాసం పట్టుకున్నా ఒకటే కాబట్టి ముందు మొమెంట్లనే, అంటే ఆ వంచే ప్రభావాలనే, వెక్టర్లుగా కలపాలి. 9600 వర్గం, 3000 వర్గం కూడి వర్గమూలం తీస్తే 10,058. దాని స్ట్రెస్ 109.9. మెసేజ్ లెక్కలో ఈ రెండు బెండింగ్‌లకే 137.7 వచ్చింది.

అయితే కూడడం అన్నది ఎక్కడినుంచో ఊడిపడలేదు. స్తంభం చదరపు పైపు అయితే నైరుతి మూల రెండు బెండింగ్‌లనీ పూర్తిగా మోస్తుంది. అక్కడ నేరుగా కూడడమే సరైన పని. పుస్తకాల్లో మొదటి ఉదాహరణలు ఎక్కువగా దీర్ఘచతురస్రాల మీదే ఉంటాయి. ఎవరో ఆ అలవాటుని గుండ్రటి పైపుకీ తగిలించారని నా అనుమానం. చదరపు పైపు అన్నప్పుడు ఇంకో మాట. గుండ్రటి కడ్డీకి వాడే టార్షన్ సూత్రం చదరానికి చెల్లదు. పల్చటి మూసిన గొట్టమైతే టార్షన్‌ని, గోడ నడిమి గీత చుట్టిన వైశాల్యానికి రెట్టింపుతోనూ గోడ మందంతోనూ భాగించాలి.

ఇక నార్మల్ స్ట్రెస్‌ని షియర్‌తో కూడడం అసలు అర్థం లేని పని. ఒకటి కోసిన ముఖానికి లంబంగా ఉంటుంది, ఇంకోటి ముఖం వెంబడి జారుతుంది. స్ట్రెస్ చెప్పేటప్పుడు అంకె ఒక్కటే చాలదు. ఏ బిందువులో, ఏ ముఖం మీద, ఏ దిశలో అన్నదీ దాంతో పాటే రావాలి. ఆ మూడూ ఒకటైనప్పుడే, అదీ పదార్థం ఎలాస్టిక్ హద్దులో ఉండి వంపు చిన్నదైనప్పుడే, సూపర్‌పొజిషన్, అంటే విడివిడి ఫలితాలని కూడడం, పనిచేస్తుంది.

ఇది చెప్పగానే మావాడు, “పోనీలే అత్తా, 160 అంటే ఎక్కువే చూపించింది కదా. సేఫ్ సైడే కదా!” అన్నాడు. తెలివైన ప్రశ్నే. ఈ స్తంభం వరకు అతని మాట నిజం. కలిసిన స్ట్రెస్‌లకి లోహం లొంగుతుందా అని చూడ్డానికి వాన్ మీసెస్ 1913లో ఇచ్చిన కొలమానం ప్రకారం ఇలాంటి బిందువులో లెక్కించాల్సింది నార్మల్ వర్గానికి షియర్ వర్గం మూడింతలు కలిపి వర్గమూలం. మన స్తంభంలో అది 116 వస్తుంది. ఉక్కు 250 దగ్గర యీల్డ్ అవుతుందనుకుంటే, అంటే శాశ్వతంగా సాగడం మొదలవుతుందనుకుంటే, అసలు భద్రతా గుణకం 2.15, కూడిక చూపించేది 1.56. ఉక్కు వృథా అవుతుందంతే.

కానీ కాగితం తీసుకుని చూడండి. రెండు స్ట్రెస్‌ల మొత్తాన్ని వర్గం చేస్తే నార్మల్ వర్గం, షియర్ వర్గం, వాటి లబ్ధానికి రెట్టింపు వస్తాయి. ఇది వాన్ మీసెస్ విలువని దాటాలంటే నార్మల్ షియర్ కన్నా పెద్దదై ఉండాలి. షియర్ పెద్దదైతే కూడిక తక్కువ చూపిస్తుంది. మోటారు షాఫ్టు ఒకటి తీసుకుందాం. బెండింగ్ 40, టార్షన్ 90. కూడితే 130, వాన్ మీసెస్ 161. అంటే బోర్డు స్తంభాన్ని కాపాడిన అదే సూత్రం షాఫ్టుని విరగ్గొడుతుంది. సేఫ్ సైడ్ అన్న పేరుతో దొంగకి తాళాలిచ్చినట్టు.

రెండో మాట, రెండు చివర్లు, అంటే కోతలో ఎదురెదురు అంచులు, చూస్తే చాలన్నది. పరీక్షలో ‘ఏ’, ‘బీ’ అని బిందువులు ముందే గుర్తుపెట్టి ఇస్తారు కాబట్టి అక్కడ గడిచిపోతుంది. మన స్తంభంలో గాలి వెళ్లే వైపైన పడమటి అంచున నొక్కుడు 105.7. అసలు గరిష్ఠం పడమర నుంచి దక్షిణం వైపు 17 డిగ్రీలు జరిగి ఉంది, అక్కడ 110.7. తేడా చిన్నదే. కానీ రెండు బెండింగ్‌లు సమానమైతే ఆ బిందువు 45 డిగ్రీల దగ్గరికి పోతుంది, స్ట్రెస్ 41 శాతం ఎక్కువవుతుంది. లాగుడు గరిష్ఠం దీనికి సరిగ్గా ఎదురుగా, తూర్పు నుంచి ఉత్తరం వైపు జరిగి ఉంటుంది. లాగుడు అంటే ఎస్‌ఓఎంలో టెన్షన్. పరీక్ష హాల్లో పిల్లలకి వచ్చే టెన్షన్ వేరే, దానికి ఫార్ములా నా దగ్గర లేదు.

మూడో మాటలో కాస్త నిజముంది, ఒప్పుకుంటాను. మన స్తంభంలో అడ్డ షియర్ 2 మెగాపాస్కల్స్, బెండింగ్ 110. దాన్ని వదిలేస్తే కొంపేమీ మునగదు. పొడవాటి వాటన్నిటికీ ఇంతే. లోపల బోలు లేని గుండ్రటి కడ్డీని ఒక చివర బిగించి ఇంకో చివర బలం పెడితే, అడ్డ షియర్ గరిష్ఠానికీ బెండింగ్ గరిష్ఠానికీ ఉండే నిష్పత్తి వ్యాసాన్ని ఆరు రెట్ల పొడవుతో భాగించినంత. పొడవు వ్యాసానికి పది రెట్లైతే అరవయ్యో వంతు. పొడవూ వ్యాసమూ సమానమైతే ఆరో వంతు, అది వదిలేసేది కాదు. పొట్టి బ్రాకెట్లు, పిన్నులు, ఐ-బీమ్‌లో వెబ్ (నిలువు పలక), ఫ్లాంజ్ (అడ్డ పలక) కలిసే చోటు, ఇవన్నీ ‘ఎప్పుడైనా’ అన్న ఆ ఒక్క పదం దెబ్బతీసేవే.

మెసేజ్ రాసినవాళ్లు మర్చిపోయింది ఇంకోటుంది. అడ్డ షియర్, బెండింగ్ ఒకే చోట గరిష్ఠం కావు. బెండింగ్ సున్నా అయ్యే న్యూట్రల్ యాక్సిస్ మీద షియర్ గరిష్ఠం. మన స్తంభంలో గాలి బెండింగ్‌కి ఆ గీత ఉత్తర దక్షిణ అంచుల గుండా పోతుంది. అక్కడ అడ్డ షియర్, టార్షన్ షియర్ రెండూ ఒకే ముఖం మీద ఒకే గీత వెంబడి ఉంటాయి. ఒక అంచున కలుస్తాయి, ఎదుటి అంచున తీసేసుకుంటాయి. ఇక్కడ మాత్రం కూడడం, తీసెయ్యడం న్యాయమే. ఏ వైపు కలుస్తాయో, ఎంత వస్తుందో చెప్పమని మావాడికి ఇంటిపని ఇచ్చి పంపాను.

నాలుగోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఎందుకంటే అది చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది. ఒట్టో మోర్ తన వృత్తాన్ని 1882లో ఇచ్చాడు. మూడు దిక్కుల స్ట్రెస్‌కి వృత్తాలు మూడు. గరిష్ఠ షియర్ అన్నిటికన్నా పెద్ద వృత్తం వ్యాసార్ధం, అంటే అతిపెద్ద ప్రిన్సిపల్ స్ట్రెస్‌కీ (షియర్ లేని ముఖం మీది నార్మల్ స్ట్రెస్‌కి ఆ పేరు) అతిచిన్నదానికీ తేడాలో సగం. మన స్తంభంలో గరిష్ఠ నొక్కుడు బిందువు దగ్గర నార్మల్ 110.7 నొక్కుడు, షియర్ 20.3 (టార్షన్ 19.7కి అడ్డ షియర్ కాస్త కలిసి). ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు 3.6 లాగుడు, 114.3 నొక్కుడు. సున్నా వాటి మధ్యలో పడింది కాబట్టి ఒక్క వృత్తమే చాలింది, గరిష్ఠ షియర్ 59.

ఇది యాదృచ్ఛికం కాదు. ఒకే ఒక్క నార్మల్, ఒక షియర్ ఉన్న ఏ బిందువులోనైనా రెండు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లకీ గుర్తులు ఎదురెదురే వస్తాయి. బీములు, షాఫ్టులు, స్తంభాలు అన్నీ ఈ కోవలోవే. వంద లెక్కలు చేస్తే వందా సరిపోతాయి, నమ్మకం గట్టిపడుతుంది. ఆ నమ్మకంతో వర్క్‌షాప్‌లో ఎయిర్ కంప్రెసర్ ట్యాంకు దగ్గరికి వెళ్లండి. వ్యాసం 500 మిల్లీమీటర్లు, మందం 5, లోపలి పీడనం 0.8 మెగాపాస్కల్. చుట్టూ ఉండే హూప్ స్ట్రెస్ 40, పొడవు వెంబడి 20. రెండూ లాగుడే. మెసేజ్ వృత్తం వ్యాసార్ధం 10. బయటి ముఖం మీద మూడో ప్రిన్సిపల్ స్ట్రెస్ సున్నా. దాన్ని లెక్కలోకి తీసుకుంటే అసలు గరిష్ఠ షియర్ 20. సరిగ్గా రెట్టింపు. పీడనంతో పాటు బెండింగ్ కూడా ఉన్న పైప్‌లైన్ ప్రశ్నల్లో మార్కులు పోయేది ఇక్కడే.

ఐదోదాని గురించి ఎక్కువ చెప్పను. నేను ఇదివరకు పనిచేసిన ఒక డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఇలాంటి స్తంభాన్నే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి రంగురంగుల బొమ్మ తెచ్చాడు. అడుగున బేస్ ప్లేట్‌కి పైపు కలిసే మూలలో ఎర్రటి మచ్చ. మెష్, అంటే సాఫ్ట్‌వేర్ వస్తువుని విడగొట్టే చిన్న గడుల వల, సన్నం చేసిన కొద్దీ అక్కడి అంకె పెరుగుతూనే పోయింది. భయపడి పైపు మందం పెంచేశాడు. అది పదునైన లోపలి మూల. గణితం ప్రకారమే అక్కడ స్ట్రెస్‌కి హద్దుండదు, మెష్ ఎంత సన్నమైతే అంత పెరుగుతుంది. మూలకి కాస్త దూరం జరిగి చూసి, చేత్తో చేసిన లెక్కకి దగ్గరగా ఉందా లేదా అని సరిచూసుకోవాలి. అతని దగ్గర ఆ చేతిలెక్క లేదు. లోడ్ దిశ ఒకటి తలకిందులుగా పెట్టి ఉన్నా ఆ బొమ్మ అంతే అందంగా ఉండేది, మాకు తెలిసేదీ కాదు. ఆ ఉక్కు ఖర్చు కస్టమర్‌కి ఎలా నచ్చజెప్పామో ఇక్కడ రాయడం బాగుండదు.

నిన్న రాత్రి పదిన్నరకి మావాడి మెసేజ్ వచ్చింది. “అత్తా, బోర్డు ఉన్న దక్షిణం వైపు కలుస్తాయి, 21.6. ఉత్తరం వైపు తీసెయ్యాలి, 17.7. సరేనా?” సరేనన్నాను. వెంటనే ఇంకోటి: “మరి ఇదే పైపులో నీళ్లు పీడనంతో ఉంటే?”