సవరణ: వేడి తగిలిన చేతిని వెనక్కి లాగేది వెన్నుపామే

పలాస జీడి బట్టీలో వేడి రేకు వేలికి తగిలినప్పుడు, మెదడు నొప్పిని గుర్తించి చేతిని వెనక్కి లాగిస్తుందని గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు. చర్మం నుంచి జ్ఞాన నాడుల ద్వారా వచ్చిన సంకేతం వెన్నుపాములోని సహసంబంధ నాడీకణాల (రెండు నాడులను కలిపే కణాల) మీదుగా, కండరాలను కదిలించే చాలక నాడులకు చేరి, మోచేతిని ముడిచే కండరాన్ని బిగించి, చాచే కండరాన్ని సడలిస్తుంది. నొప్పి తెలిసేసరికే చెయ్యి కదిలిపోయి ఉంటుంది. చురుక్కుమనే తొలి నొప్పిని మోసే నాడీ తంతువుల వేగం సెకనుకు సుమారు 5 నుంచి 30 మీటర్లు, వెనకాల వచ్చే మంటను మోసేవాటిది 2 మీటర్ల లోపే. అలాగని మెదడుకు పాత్రే లేదనడమూ సరికాదు: కాలుతున్న టీ గ్లాసును జారవిడవకుండా బల్ల దాకా మోయగలుగుతున్నామంటే, మెదడు నుంచి దిగివచ్చే సంకేతాలు చేతిని దానంతటదే వెనక్కి లాగే ఆ అసంకల్పిత ప్రతీకార చర్యను కొంతవరకు అణచిపెట్టడం వల్లనే.