హఠాత్తుగా, ఇరవై ఏళ్ల తర్వాత

గుండెపోటుకు మా ఊళ్లో జరుగుతున్న అన్యాయాన్ని ఎవరో ఒకరు ఖండించక తప్పదు. నల్లగొండ గడియారం సెంటర్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వెలిసినప్పుడల్లా దాని కింద చేరిన జనానిది ఒకటే మాట: "నిన్నటిదాకా గుండ్రాయిలా ఉన్నాడు, హఠాత్తుగా పోయాడు." నిందంతా పోటుదే. చెప్పాపెట్టకుండా వచ్చిందట!

పాపం, ఇంత మర్యాద తెలిసిన చుట్టం ఇంకెవరున్నారు? ఇరవై ఏళ్ల ముందునుంచే కబుర్లు పంపుతుంది. మొదటి కబురు టైలరుకు అందుతుంది. మన దేశపు మగవాడికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే ముప్పేనని డాక్టర్ల లెక్క. టైలరు టేపును చూస్తాడు, మనల్ని చూస్తాడు, "కాస్త ఒళ్లు చేశారు సార్" అని ప్యాంటు కుట్లు విప్పుతాడు. వైద్యం అక్కడితో పూర్తి.

రెండో కబురు బీపీ. 140/90 దాటిందని డాక్టరు మాత్ర రాస్తాడు. నెల తిరిగేసరికి బీపీ దిగుతుంది. దిగింది కాబట్టి మాత్ర మానేస్తాం. పైగా అది అలవాటైపోతుందని భయం. ముప్పై ఏళ్లుగా రోజుకో కట్ట బీడీలు కాల్చే మనిషి అలవాట్ల విషయంలో ఇంత జాగ్రత్తపడటం చూస్తే కళ్లు చెమరుస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది, అంటే ఒక చిన్న చెంచాడు. అది మా ఇళ్లలో ఆవకాయకే చెల్లిపోతుంది; పెరుగన్నంలోకి విడిగా వేసుకోవాలి.

అమెరికావాళ్లు 1948లో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఎంచుకుని, ఎవరి గుండె ఎందుకు చెడుతోందో ఏళ్ల తరబడి రాసుకున్నారు. బీపీ, కొలెస్ట్రాల్, పొగ అని తేల్చడానికి వాళ్లకు అంతకాలం పట్టింది. మేమైతే నరదిష్టి అని దినాలు కాకముందే తేల్చేస్తాం. 2004లో 52 దేశాల రోగులను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం షుగర్, మనోవ్యథ, కదలకపోవడం వంటివి కలిపి తొమ్మిది అంశాలు చెప్పింది. మగవాళ్ల మొదటి గుండెపోటు ముప్పులో 90 శాతం వీటిదేనట. మిగిలిన పది శాతంలో ఎంత చోటుందో గాని, మా జిల్లాలో పోయినవాళ్లందరినీ బంధువులు అందులోనే సర్దుతున్నారు. దక్షిణాసియావాళ్లకు మొదటి పోటు మిగతా ప్రపంచం కన్నా సుమారు ఆరేళ్లు ముందే వస్తుందని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. బస్సు కోసం గంటలు కాచే మాకు ఇదొక్కటైనా వేళకు ముందే వస్తోంది.

ఆఖరి కబురుకు మేం పెట్టిన పేరు గ్యాస్. ఎడమ చేయి లాగుతున్నా, చొక్కా చెమటకు తడిసినా, ముందు సోడా తాగి తేన్పు కోసం ఎదురుచూస్తాం. ఈలోగా రక్తం అందని గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి నొప్పే తెలియదు. ఆడవాళ్లయితే సోడా కూడా అడగరు. అందరి భోజనాలూ అయ్యాక చూద్దామంటారు.

ఇంత తెలిసినవాణ్ని కనుక మొన్న ఆరోగ్య శిబిరంలో ధైర్యంగా చేయి చాపాను. 158/100 అంది మిషను. బ్యాటరీలు మార్చమన్నాను. పొద్దున్నే మార్చామంది నర్సమ్మ. అయితే మెట్లెక్కి వచ్చిన ఆయాసమై ఉంటుందన్నాను. శిబిరం రోడ్డు పక్కన షామియానా కింద ఉంది.