ఆర్లింగ్టన్‌కి అరగంట చాలదు

అమ్మానాన్నలకు వాషింగ్టన్ డీసీ చూపించాలంటే అమెరికాలోని మనవాళ్ల ప్లాను దాదాపు ఒకటే. వైట్‌హౌస్ బయట ఒక ఫొటో, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఇంకోటి, ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం, టైముంటే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం. అక్కడ కెనడీ సమాధి దగ్గరి ఆరని జ్యోతి, గుర్తు తెలియని సైనికుడి సమాధి దగ్గర గార్డు మార్పు చూసి బండెక్కేస్తారు. కొందరు అదీ మానేస్తారు. "చూడ్డానికి ఊళ్లో వల్లకాడు తప్ప ఇంకేం లేదా అమ్మా" అని మా అత్తగారే అన్నారు. ఆవిడది మైల పట్టింపు, సరే. అరగంటలో చూసేశామనుకునేవాళ్లతోనే నా పేచీ.

ముఖ్యంగా పౌరసత్వానికి అప్లై చేసినవాళ్లతో. రేపు కుడిచెయ్యెత్తి చేసే ప్రమాణంలో, చట్టం అడిగితే ఈ దేశం తరఫున ఆయుధం పడతానన్న మాట ఉంది. సివిక్స్ ప్రశ్నలన్నీ బట్టీ పట్టే మనం ఆ వాక్యాన్ని గడగడా చదివేస్తాం. గ్రీన్‌కార్డున్న ఇంట్లో కూడా మగపిల్లాడికి 18 నిండితే వాడి పేరు సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో, ఉండాలి. కాలేజీ ఫీజుల గొడవలో అది ఎవరికీ గుర్తుండదు.

ఆ ప్రమాణం బరువు తెలియాలంటే ఆర్లింగ్టన్‌లో సెక్షన్ 60 అనే భాగానికి వెళ్లాలి. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో పోయినవాళ్లు చాలామంది అక్కడున్నారు. రాతి మీది రెండు తేదీలు తీసివేసి చూస్తే ఎన్నోచోట్ల పాతికేళ్లు కూడా రావు. అమ్మానాన్నలు ఇంకా వచ్చి పోతున్న సమాధులవి, పుట్టినరోజు బెలూన్లు కూడా కనిపిస్తాయి. అక్కడ సెల్ఫీ కర్ర తీయకండి, దయచేసి.

సెక్షన్ 27 కథ వేరు. ఈ శ్మశానం ఉన్న ఎస్టేటు అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ భార్యది. ఆ యుద్ధంలోనే ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, 1864లో సైనికులను పూడ్చడం మొదలుపెట్టింది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు సుమారు 3,800 మంది సెక్షన్ 27లో ఉన్నారు. వాళ్ల రాళ్ల మీద 'సిటిజన్' అనో 'సివిలియన్' అనో చెక్కి ఉంటుంది. నల్లవాళ్లు పౌరులే కారని సుప్రీంకోర్టు 1857లో తీర్పిచ్చింది. రాజ్యాంగ సవరణ ఆ తీర్పును కొట్టేసింది 1868లో. ఈ దేశంలో పుట్టినందుకే మన పిల్లలు పౌరులయ్యారంటే ఆ సవరణ వల్లే. మన సభల్లో ఈ సంగతి ఎత్తగా నేనైతే వినలేదు.

కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంలో పోయిన వ్యోమగాముల స్మారకం కూడా ఇక్కడే ఉంది, కల్పనా చావ్లా పేరుతో సహా. మనవాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది ఆ ఒక్కదానికే. మా మామగారు మాత్రం సెక్షన్ 60లోనే ఎక్కువసేపు ఉండిపోయారు. ఆయనది తాడేపల్లిగూడెం వైపు, మిలటరీ మాధవరం దగ్గర. ఇంటింటికీ ఒక సైనికుడున్న ఊరి పక్కన పెరిగినాయనకు ఎవరూ ఏమీ విడమరచనక్కర్లేకపోయింది.

మన సంఘం వేసవి ట్రిప్పులో ఆర్లింగ్టన్‌కి ఒక పూట పూర్తిగా కేటాయించాలని నా కోరిక. ఎత్తుపల్లాల నడక, పైగా ఎండ, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి. గార్డు మార్పు కోసం కంగారక్కర్లేదు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పగలు అరగంటకోసారి జరుగుతుంది. ముందు ఈ రెండు సెక్షన్లూ చూసి వెళ్లినా అందుతుంది.